పడవ కడుగనిదే గుర్రపుడెక్క పోదు



ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు గుర్రపుడెక్కను తీయించుచున్నాము. నీరు వదలిన కొద్ది వారములకే అది మరల ఒడ్డునుండి ఒడ్డునకు పరచుకొనుచున్నది. తీసినవారు సరిగా తీయలేదని నిందించుచున్నాము. అందు కొంత నిజముండవచ్చును. కాని దానిని మోసికొని వచ్చి మరల నాటుచున్నవారము మనమే యని నా అభిప్రాయము.

ఈ మొక్క పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. పువ్వు అందముగా నున్నదని పంతొమ్మిదవ శతాబ్దము చివర దీనిని వంగదేశమునకు తెచ్చిరి. అనుకూలమైన నీటిలో ఇది రెండు వారములలో రెట్టింపగును. విత్తనము బురదలో ఏండ్లతరబడి చావక యుండును.

పిలక ప్రవాహముతో దిగువకు పోగలదు గాని ఎగువకు ఎక్కలేదు. ఒక చెరువునుండి వేరొక చెరువునకు దుమకలేదు. దానిని దాటించునవి పడవ, తెప్ప, వల, ఇంజను గొట్టము. పూర్వము సరకుపడవలు కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాము చేరి, బకింగుహాము కాలువలో చెన్నపట్టణము వరకు పోయెడివి. నేడు ఆ రాకపోకలు లేవు. అయినను ప్రకాశము బ్యారేజి ఎగువను, నాగార్జునసాగరమునందును విహారపు పడవలు తిరుగుచున్నవి. చెరువు పాటదారులు తెప్పలను వలలను బండ్లకెత్తి ఊరూర త్రిప్పుచున్నారు.

"మాది మెట్ట, పత్తి, మిరప పండించువారము, పడవతో మాకేమి పని?" యని కొందరనవచ్చును. పూతవేళ ఒక తడి తప్పినచో మిరప ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ తడి సాగరు కుడికాలువనుండియో చెరువునుండియో రావలసినదే. ఇంజను జల్లెడకు డెక్కవేళ్లు చుట్టుకొన్ననాడు పడవతో పని యున్నదో లేదో తెలియును.

నా తప్పును కూడ చెప్పుకొందును. ఉద్యోగము క్రొత్తలో ఒక గ్రామపు చెరువున చేపపిల్లలను వదలుటకు పొరుగూరి తెప్పను తెప్పించితిని. దాని దుంగల సందున పిలకలుండుట చూచియు, రెండాకులేకదా యని యూరకుంటిని. మరుసటి యేడు ఆ చెరువున నీరు కానరాలేదు. రైతులు నన్నేమియు అనలేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

న్యూజీలాండునందు 2004లో డిడిమో యను నాచు నదులలో కనబడగా, పడవలవారికిని చేపలు పట్టువారికిని "చూడుము, కడుగుము, ఆరబెట్టుము" అను మూడు మాటలు నేర్పిరి. ఇందు ఖర్చు లేదు. మన దేశమునను 1983లో గుర్రపుడెక్కను తిను ముక్కుపురుగులను విడిచిరి. కొన్నిచోట్ల మేలు కలిగినది. కాని పురుగు తినునంతకంటె మనము నాటునది ఎక్కువైనచో అది మాత్రము ఏమి చేయగలదు?

కావున ప్రతి సంఘమును ఈ క్రింది కట్టుబాట్లు చేసికొనవలయునని నా మనవి. పడవగాని తెప్పగాని నీటినుండి తీయగానే అందలి నీటిని అచ్చటనే పారబోసి, ఆకు, వేరు, బురద లేకుండ గట్టుకు దూరముగా కడిగి, రెండు దినములు ఎండలో ఉంచిన పిమ్మటనే వేరొక నీట దింపవలయును. వలలకును ఇదే నియమము. తీసిన డెక్కను గట్టున వదలక, పూవు పూయకమునుపే దూరముగా ఎండబెట్టి ఎరువుగుంటలో వేయవలయును. చెరువు పాట షరతులలో దీనిని వ్రాయించవలయును. సంఘపు ఇంజనును అద్దెకు తీసికొన్నవారు గొట్టమును కడిగి తెచ్చినగాని తిరిగి పుచ్చుకొనరాదు.

కాలువను బాగుచేయించుట ప్రభుత్వమువారి పని యగుగాక. మన తెప్పను కడుగుకొనుటకు ఎవరి ఉత్తరువు కావలయును?