కఱవు సీమలో విద్యుద్వాహనములు: ఊరివారి మాట

పెనుగొండ దాపున ఎఱ్ఱమంచి యొద్ద 2019వ సంవత్సరము డిసెంబరులో ప్రారంభోత్సవము జరుపుకొన్న కియా కర్మాగారము నుండి 2025లో విద్యుత్తుతో నడచు మోటారుకార్లు వెలువడసాగినవి. కొరియా దేశపు కంపెనీ, కఱవు సీమ నేల, మన బిడ్డల చేతులు. ఈ మూడును కలిసి చేసిన బండి నేడు దేశమందలి రోడ్లపై తిరుగుచున్నది. సంతోషమే. కాని అట్టి బండ్లకు విద్యుత్తును నింపు చార్జింగు స్టేషనులు మన సీమలో ఎచ్చట వెలయవలెను, ఎవరికొఱకు వెలయవలెను అను ప్రశ్న వచ్చినపుడు ఊరివారిని పిలిచి యడుగు ఆచారము మనలో ఇంకను నిలద్రొక్కుకొనలేదు. ఈ వారము మేము ఆ విషయమునే పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా ఉన్న యేర్పాటును చెప్పుదుము. చార్జింగు స్టేషను పెట్టుటకు లైసెన్సు అక్కఱలేదని కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖవారు 2018లోనే తేల్చిరి. 2022 జనవరిలో వెలువడిన నియమావళి పెద్ద రోడ్లకు రెండు ప్రక్కలను 25 కిలోమీటర్లకొకటి చొప్పున స్టేషను ఉండవలెనని చెప్పెను. 2024లో దానిని మరల సవరించిరి. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన ఆరంభమైన పి. ఎం. ఇ-డ్రైవు పథకమునకు 10,900 కోట్ల రూపాయలు ప్రత్యేకించి, అందు 2,000 కోట్లు స్టేషనుల కొఱకే కేటాయించిరి. ఈ సొమ్ము ప్రజలది. దీనికి పన్ను కట్టినవారిలో కల్యాణదుర్గము సంతకు పోవు ఆసామియు నున్నాడు.

కిలోమీటర్ల లెక్కతో వేయు ప్రణాళికలో ఒక సులువు గలదు. 44వ జాతీయ రహదారి గుత్తి నుండి అనంతపురము, పెనుగొండల మీదుగా కొడికొండ వరకు మన సీమను నిలువునా చీల్చుకొని పోవుచున్నది. దానిపై మైలురాళ్లు లెక్కపెట్టి స్టేషనులు నిలిపినచో, కాగితముపై పని ముగిసినట్లే కనబడును. హైదరాబాదున ఉదయము ఫలహారము చేసి రాత్రి బెంగుళూరున భోజనము చేయువారికి అది మేలే. వారి మేలునకు మేము అడ్డురాము. కాని రాయదుర్గము, మడకశిర, కదిరి, తాడిపత్రి ఆ దారిపై లేవు. కార్లు తక్కువగా నున్న తావున కంపెనీవారు లక్షలు వెచ్చింపరు. వ్యాపారి లాభము చూచుకొనుట దోషము కాదు. ప్రజాధనము తోడు వచ్చినపుడు మాత్రము లాభమొక్కటే కొలత కాగూడదు. రైలు వచ్చిన నాడును ఇట్లే జరిగినది. గుంతకల్లు దక్షిణ దేశమందలి పెద్ద జంక్షనులలో ఒకటియయ్యెను గాని, కల్యాణదుర్గము వారు తమ యూరిలో రైలు కూత వినుటకు ఈ శతాబ్దము వచ్చువరకు వేచియుండవలసివచ్చెను.

2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లా రెండు జిల్లాలైనది. పెనుగొండ, కదిరి, హిందూపురము, మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి. కచ్చేరీలకు హద్దులున్నవి గాని కఱవునకు లేవు. మడకశిర ఆటో అనంతపురము ఆసుపత్రికి రాక తప్పదు. కావున రెండు జిల్లాలకును కలిపి ఒకే ప్రణాళిక కావలయునని మా మొదటి మాట.

పల్లెకు ఏ తీరు స్టేషను కావలెను? ఇది ఇంజనీర్లకే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. కారును శీఘ్రముగా నింపు 60 కిలోవాట్ల యంత్రమొకటి, అయిదు హార్సుపవరు బోరు మోటార్లు 16 ఒక్కసారిగా నడచినంత భారమును లాగును. పొలముల గట్లపై మనము చూచు 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు దానిని మోయజాలదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిన యెడల పైరు ఎన్ని దినములలో వాడునో, చందాలు వేసికొని దానిని ట్రాక్టరుపై షెడ్డునకు చేర్చుట ఎంత కష్టమో పట్టణమందలి కచ్చేరీలో కూర్చుండి గీతలు గీయువారికి తెలియకపోవచ్చును. ఊరిలో ప్రతివానికిని తెలియును. అదే 60 కిలోవాట్లను 3.3 కిలోవాట్ల చిన్న ప్లగ్గులుగా విడదీసినచో 18 ఆటోలు ఒక్కమాఱు నింపుకొనగలవు. గంటలు ఎక్కువ పట్టుననుట నిజమే. రాత్రి ఆటో నిలిపి నిద్రించువానికి ఆ గంటలతో ఏమి పని? పల్లెకు మొట్టమొదట వచ్చునది కారు కాదు. స్కూటరు, ఆటో, చీనీకాయలు మోయు చిన్న బండి.

ఇంతకన్న చిక్కైనది వేళల సంగతి. 2024 నియమావళిలో ఉదయము 9 గంటలు మొదలు సాయంకాలము 4 గంటల వరకు గల కాలమును సౌర సమయముగా నెంచి, ఆ వేళ స్టేషనులకు విద్యుత్తు చౌకగా నిచ్చుటకును, తక్కిన వేళల అధికముగా వెల కట్టుటకును ఏర్పాటు చేసిరి. దేశమంతటికి చూచినచో ఇది తెలివైన యేర్పాటే. ఎన్.పి.కుంటలో 2016లోనే 250 మెగావాట్ల సూర్యవిద్యుత్కేంద్రము వెలసినది. మన యెండ మనకు సిరి కావలసినదే. కాని సేద్యపు బోర్లకు తొమ్మిది గంటల విద్యుత్తును పగటివేళనే ఇచ్చుట మన రాష్ట్ర ప్రభుత్వపు విధానము. పల్లెలో ఒకే ట్రాన్స్‌ఫార్మరుపై బోరును స్టేషనును రెండును వ్రేలాడినచో, చౌక వేళయు నీటి వేళయు ఒకటే యగును. అపుడు తగ్గవలసినది ఎవరు? రైతును తగ్గుమనిన గ్రామములో స్టేషను నాలుగు నాళ్లు నిలువదు. స్టేషనునకు వేఱు ట్రాన్స్‌ఫార్మరు పెట్టుదురా, లేక దాని కప్పుపై సౌరఫలకములు పఱచి పగటి శక్తిని రాత్రికి దాచు బ్యాటరీలు అమర్చుదురా అనునది టెండరు పిలుచుటకు ముందే తేలవలెను.

వాతావరణము తీరు వేఱొకటి. వేసవిలో 40 డిగ్రీలు దాటుట ఇచ్చట వింత కాదు. వేడి హెచ్చిన కొలది శీఘ్రముగా నింపు యంత్రము తన్ను తాను కాచుకొనుటకై శక్తిని తగ్గించుకొనును. బ్యాటరీ ఆయువును తఱుగును. నీడలేని బయలులో ఇనుప పెట్టెను నిలిపి మేలైన పని జరుగలేదనుట యంత్రము తప్పు కాదు. ఇక వరదమాట యెత్తినచో, కఱవు సీమలో వరద యేమని కొందఱు నవ్వుదురు. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, నడుమ చిక్కినవారిని వాయుసేన హెలికాప్టరు వచ్చి ఒడ్డు చేర్చెను. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురము పట్టణములో కాలనీలకు కాలనీలే మునిగెను. సంవత్సరములో పదునొకండు మాసములు ఎండియుండు వంకను చదునైన ప్రభుత్వపు ఖాళీస్థలమని పటములో గుర్తించుట సులభము. ఆ వంక ఎంతవరకు పొంగునో ఒడ్డున గుడిసె వేసికొన్న ముసలివాడు చేయెత్తి చూపగలడు. అతని నడిగినవాడు లేడు.

అడిగినంతమాత్రమున పామరులేమి చెప్పగలరని శంకించువారికి మన సీమనుండియే జవాబు గలదు. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున అనంతపురముతో గూడ ఏడు కఱవు జిల్లాలలో రైతులే భూగర్భజలమును కొలుచు పథకమొకటి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో నడచినది. వానను రైతే కొలిచెను, బావిలోని నీటిమట్టమును రైతే కొలిచి బోర్డుపై వ్రాసెను. ఉన్న నీరెంత, ఏ పైరెంత త్రాగునని కూడి లెక్కవేసి, పిమ్మట విత్తనము మాట తలపెట్టెను. కంటికి కనబడని నీటిని లెక్కించినవారు కంటికెదుట ఆరిపోవు దీపములను లెక్కింపలేరా? ఏ ఫీడరు నెలలో ఎన్ని గంటలు ఆగినది, ఏ ట్రాన్స్‌ఫార్మరు ఏడాదిలో ఎన్నిమార్లు కాలినది, ఏ ఆటోస్టాండులో ఎన్ని బండ్లు రాత్రి నిలుచును, ఈ మూడు పట్టికలు గ్రామసభ ఒక్క వారములో వ్రాయగలదు. 2019లో గ్రామ సచివాలయములు నెలకొల్పినపుడు విద్యుత్తు పనికొక యుద్యోగిని గూడ నియమించిరి గదా. వ్రాతపనికి తోడ్పడుటకు క్రొత్త జీతము అక్కఱలేదు.

చట్టమున ఇందుకు చోటున్నదా యని కొందఱు మిత్రులు అడిగిరి. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 64వ సెక్షను ప్రకారము రేట్లు నిర్ణయించుటకు ముందు ప్రజల సూచనలను ఆక్షేపణలను కమిషనువారు విచారింపవలెను. మన రాష్ట్ర కమిషను 2023లో కర్నూలునకు వచ్చినది. పూర్వమువలె హైదరాబాదు పోవు శ్రమ తగ్గినది. కాని అది రేటునకు సంబంధించిన విచారణ. స్టేషను ఎచ్చట నుండవలెనను విషయమున ఊరివారిని అడిగితీరవలెనని ఆ సెక్షను చెప్పదు. చెప్పకున్నను అడుగవద్దని ఏ చట్టమును నిషేధింపలేదు. విచారణ యన్న పేరుతో ఆంగ్లములో ఒక ప్రకటన వేసి, పది దినములు గడువిచ్చి, ఆక్షేపణలు రాలేదని వ్రాసికొనుట మేము కోర్టు పక్షులమగుటచే చాలమార్లు చూచితిమి. అట్టి విచారణ మాకు వలదు.

ఆలస్యమగునని యింకొక యాక్షేపణ. వంకలో పాతిన యంత్రమును వరద తరువాత పెఱికి వేఱొకచోట పాతుటకంటె రెండు నెలలు ముందుగా అడుగుట ఎక్కువ ఆలస్యమా?

తిరుపతిలోని దక్షిణ ప్రాంత విద్యుత్తు పంపిణీ సంస్థవారికిని, స్టేషనుల పనిని చూచు నెడ్‌క్యాపు వారికిని మా మనవి యిది. రెండు జిల్లాలలో స్టేషనులకై తలచిన స్థలముల పటమును, ప్రతి స్థలమునకు శక్తినిచ్చు ఫీడరు పేరుతో సహా, తెలుగులో అచ్చొత్తించి మండల కచ్చేరీలలోను గ్రంథాలయములలోను అంటింపుడు. టెండరునకు అరువది దినములు ముందుగా అనంతపురములోనే గాక కల్యాణదుర్గములోను, కదిరిలోను, మడకశిరలోను సభలు జరుపుడు. ఆటోవారు వచ్చుటకు వీలుగా రాత్రివేళ జరుపుడు. వచ్చిన ప్రతి సూచనకు అంగీకరించితిమనియో, ఈ కారణముచే త్రోసివేసితిమనియో వ్రాతమూలకముగా బదులిచ్చి, ఆ బదులును పటము ప్రక్కనే అంటింపుడు.