మా పుస్తకాల గూడు: తలగడ క్రింది పుస్తకం

రెండు నెలల క్రిందట ఈ శీర్షికలో మేము చదువరులను ఒక చిన్న ప్రశ్న అడిగాము. "ప్రస్తుతం మీరు సరదాకు చదువుకొంటున్న పుస్తకం ఏది?" అని. ప్రశ్న చిన్నదే. కాని వచ్చిన జాబులన్నీ ముందు వేసుకొని కూర్చునేసరికి మాకు మొదట నవ్వు వచ్చింది, తరువాత దిగులు వేసింది, చిట్టచివరకు కాస్త ధైర్యం కలిగింది. ఆ మూడూ వరుసగా మీకు చెప్పుకొందామని ఈ నెల కూర్చున్నాము.

ముందు నవ్వు సంగతి. మొదటి వారం వచ్చిన జాబులు చూస్తే మన కుటుంబాలన్నీ రాత్రింబగళ్ళు మహాభారతమూ, పోతన భాగవతమూ, విశ్వనాథవారి "వేయిపడగలు" తప్ప మరొకటి ముట్టుకోవడం లేదేమో అనిపించింది. పెళ్ళిచూపులకు వచ్చినవారి ముందు వెండి పళ్ళెం పెడతాము చూడండి, అలాగ ఎవరికివారు బీరువాలోని పెద్ద పుస్తకం తీసి మా ముందు పెట్టారు. ఆ పుస్తకాలను నిజంగా చదివి ఆనందించేవారు లేరని మేము అనము. ఉన్నారు, వారికి మా నమస్కారం. కాని ఇంతలో బెంగుళూరునుంచి ఒక ఇల్లాలు కార్డు ముక్క వ్రాసి పడేశారు. "మా వారు మీకు వేయిపడగలు అని వ్రాశారట. నెల రోజులుగా వారు చదువుతున్నది కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు నవల. నమ్మకపోతే వచ్చి తలగడ ఎత్తి చూడండి" అని!

ఆ కార్డు మాకు కళ్ళు తెరిపించింది. కిందటి నెల మళ్ళీ అడిగాము. బీరువాలో ఉన్నది కాదు, తలగడ క్రింద ఉన్నది చెప్పండి అని షరతు పెట్టాము. అప్పుడు వచ్చినవి అసలు జవాబులు.

చెన్నపట్నంలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిష్టర్ పార్వతీశం" ఎన్నోసారో లెక్క లేకుండా చదువుతున్నారట. దాని మొదటి భాగం 1924లో వచ్చింది. నూరేళ్ళు దాటినా ఆ మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, దొరసాని టోపీ పెట్టుకొని తిరిగిన ఘట్టం వచ్చేసరికి తనకు ఒంటరిగా నవ్వు ఆగదనీ, ఇంట్లోవాళ్ళు ఏమయిందోనని పరుగెత్తుకొస్తారనీ వ్రాశారు. వేలూరునుంచి ఒక సోదరుడు నామిని సుబ్రమణ్యం నాయుడుగారి "పచ్చనాకు సాక్షిగా" చదువుతున్నారు. చిత్తూరు జిల్లా పల్లె మాటలో ఉన్న ఆ కథలు చదువుతూంటే మా అమ్మ మాట్లాడినట్టే ఉంది, ఇన్నాళ్ళూ మా తెలుగు తప్పు తెలుగేమో అనుకొన్నాను అని ఆయన వ్రాసిన వాక్యం మేము రెండుమూడుసార్లు చదువుకొన్నాము. హోసూరువైపునుంచి ఇంచుమించు ఇదే మాట మరొకరు స.వెం.రమేశ్‌గారి "ప్రళయకావేరి కథలు" గురించి వ్రాశారు. ఆంధ్ర, తమిళనాడుల సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సు చుట్టుప్రక్కల బ్రతుకును అక్కడి మాటలోనే చెప్పిన కథలవి.

బరంపురంనుంచి ఒక అధ్యాపకురాలు ఉప్పల లక్ష్మణరావుగారి "బతుకు పుస్తకం" పేరు చెప్పారు. ఆయన 1898లో ఆ ఊళ్ళోనే పుట్టి, స్విట్జర్లండు వెళ్ళి చదువుకొని, తరువాత మాస్కోలో ఉండి రష్యను పుస్తకాలను తెలుగు చేసిన మనిషి. "అతడు-ఆమె" నవల ఆయనదే. మనలో నడివయసు దాటినవారు చిన్నప్పుడు చౌకగా కొనుక్కొన్న ఆ బొమ్మల రష్యను పుస్తకాల వెనుక ఒక బరంపురం తెలుగాయన కూడా ఉన్నారన్నమాట. యానాంనుంచి వచ్చిన జాబులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి "కథలు-గాథలు" ఉన్నది. శాస్త్రిగారి చిన్ననాడు గడిచింది ఆ ఊళ్ళోనే గనుక, యానాంవారికి అది ఇరుగుపొరుగు కబుర్ల పుస్తకం లాంటిది.

ఇంతవరకు నవ్వుకొంటూ చదివాము. కోవిల్‌పట్టి జాబు దగ్గర మా నవ్వు ఆగింది.

ఆ జాబు వ్రాసినది ఒక కాలేజీ కుర్రవాడు. కి. రాజనారాయణన్‌గారి "గోపల్ల గ్రామం" చదువుతున్నాడు. 1976లో వచ్చిన నవల. ఎప్పుడో తెలుగుదేశం విడిచి, ప్రాణాలు చేతపట్టుకొని దక్షిణానికి నడిచి వచ్చి, అడవి నరికి ఊరు కట్టుకొన్న తెలుగు కుటుంబాల కథ. అంటే మనలో చాలామంది ముత్తాతల కథ. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగే. వ్రాసినది మాత్రం తమిళంలో. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో తమ 98వ ఏట ఆయన కన్నుమూశారు. కుర్రవాడు ఆ నవలను ఎంతో ప్రేమతో చదువుతున్నాడు. మా తాత చెప్పిన మాటలే ఇందులో ఉన్నాయి అని మురిసిపోయాడు. అయితే ఆ జాబంతా తెలుగు మాటలే గాని, లిపి తమిళం. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, త, థ, ద, ధలకూ ఒకటే. అందువల్ల "మా తాత దగ్గర చాలా గదలు ఉండేవి" అని చదివి, ఈ తాతగారు పహిల్వాను కాబోలు అనుకొన్నాము. తరువాత తెలిసింది, అవి గదలు కావు, కథలు!

ఆ నవ్వులోనే దిగులు మొదలయింది. మిగిలిన జాబులు తిరగేసి చూస్తే, ముప్పయి ఏళ్ళలోపువారు వ్రాసినవి చాలావరకు ఇలాగే ఉన్నాయి. మాట తెలుగు, లిపి కన్నడం. మాట తెలుగు, లిపి దేవనాగరి. మాట తెలుగు, లిపి ఒడియా. ఫోనులో వచ్చిన సందేశాలైతే ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు పుస్తకం చదవాలని ఉంది, అక్షరాలు రావు అన్న వాక్యం ఎన్ని రకాలుగా వ్రాయవచ్చునో అన్ని రకాలుగానూ వ్రాశారు.

ఇందుకు పిల్లలను తిట్టబోము. ఉన్న రాష్ట్రం భాష వాళ్ళు నేర్చుకోవాలి, నేర్చుకోవడం న్యాయం కూడాను. పైన ఇంగ్లీషు. కొన్నిచోట్ల హిందీ. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం మొదటి భాషగా అందరికీ తప్పనిసరి అయింది. తెలుగు బడులు ఒకప్పుడు ఉన్నచోట కూడా ఇప్పుడు తరగతులు పలచబడ్డాయి. కనుక పిల్లవాడు తెలుగు చదవడం నేర్చుకోవాలంటే పరీక్ష అతన్ని తోయదు. ఉద్యోగమూ తోయదు. ఇక మిగిలింది ఒక్కటే. సరదా.

ఈ మాట ఇతరులకు చెప్పేముందు మా యింటి సంగతి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రిందట మేము ఇల్లు మారినప్పుడు, మా నాన్నగారు కుట్టించి పెట్టిన చందమామ సంపుటాలూ, ఆంధ్రపత్రిక వారపత్రికలోనుంచి కత్తిరించి దాచిన సీరియళ్ళూ ఒక గోనెసంచికి వచ్చినవి. ఇవి చదివే పిల్లలెవరు అనుకొని పాత కాగితాలవాడికి తూకానికి ఇచ్చేశాము. భాగవతం మాత్రం జాగ్రత్తగా తెచ్చుకొని పూజగదిలో పెట్టాము. ఇప్పుడు ఆ పుస్తకానికి ఏటా పసుపు కుంకుమ అద్దుతున్నాము. తెరిచినవారు లేరు. నూనె మరకలు పడి, అట్టలు ఊడి, ఇంటిల్లిపాదీ పొట్లాడుకొని చదివిన పుస్తకాలు మటుకు త్రాసులో పోయినవి. ఏది నిలిపితే ఇంట్లో తెలుగు నిలిచేదో అదే అమ్ముకొన్నామని తెలియడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఒక్కసారి ఆలోచించండి. తెలుగువాళ్ళు తీరికవేళ చదువుకొన్న పత్రికల పుట్టిల్లు ఎక్కడ? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టినది బొంబాయిలో. 1924లో "భారతి" వెలువడినది చెన్నపట్నంలో. 1947 జూలైలో "చందమామ" పుట్టినదీ అక్కడే. ముళ్ళపూడి వెంకటరమణగారి "బుడుగు" 1950ల్లో అల్లరి మొదలుపెట్టినదీ అక్కడి పత్రికలోనే. అంటే మన ఊళ్ళలోనే. తెలుగుదేశమంతటికీ సరదా పంచిపెట్టిన ఊళ్ళలో ఉండి, మన పిల్లలకు అది అందకుండా పోతే ఎలాగ?

ఇక ధైర్యం సంగతి. అది షోలాపూరునుంచి వచ్చింది.

జాబు వ్రాసినది ఒక కోడలు. పుట్టి పెరిగింది పూనాలో. మరాఠీ బడి. ఇంట్లో తెలుగు మాట్లాడేవారే గాని అక్షరం తెలియదు. అత్తకు చదువు వచ్చు. రాత్రి వంట ముగిసి, నలుగురు ఆడవాళ్ళు బీడీలు చుట్టుకొంటూ కూర్చుంటే, అత్త దీపం దగ్గర కూర్చొని తెలుగు నవల పైకి చదివేది. అలా యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" నడుస్తూ ఉండగా అత్తకు కళ్ళలో పొర కమ్మి ఆపరేషను చేయవలసి వచ్చింది. కొన్నాళ్ళు పుస్తకం ముట్టవద్దన్నాడు డాక్టరు. కథ నడిమధ్య ఆగిపోయింది. జయంతి ఏమయిందో, రాజశేఖరం ఏమన్నాడో చెప్పేవారు లేరు.

కోడలికి ఉండబట్టలేదు. పెద్ద బాలశిక్ష ఒకటి తెప్పించుకొని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. మొదట ఒక పుట చదవడానికి ఒక సాయంత్రం పట్టిందట. ఒత్తు తప్పు పలికితే, కళ్ళకు పచ్చగుడ్డ కట్టుకొని పడుకొన్న అత్త మంచంమీదనుంచే దిద్దేది. బీడీలు చుట్టేవాళ్ళు "ఇంకాస్త జల్దీ చదువు పిల్లా" అని తొందరపెట్టేవారు. నవల పూర్తయింది. అత్తకు చూపు వచ్చింది. "ఇప్పుడు మా అత్తకు కండ్లు మంచిగ కనబడుతున్నయి. అయినా పుస్తకం పట్టదు. నువ్వే చదువు, నీ నోటినుంచి వింటేనే బాగున్నది అంటది" అని వ్రాసింది ఆ అమ్మాయి. ఆ జాబు తెలుగు అక్షరాలలో ఉంది. గుండ్రాలు కొంచెం వంకరగా ఉన్నవి. మాకు ముత్యాలకంటె బాగున్నవి.

ఆమెను ఎవరూ మాతృభాష గొప్పతనం గురించి ఉపన్యాసమిచ్చి మార్చలేదు. కథ మధ్యలో ఆగింది, అంతే.

కనుక మా మనవి ఏమిటంటే, ఇంట్లో చదవడం వచ్చినవారు రాత్రి భోజనాలయ్యాక పావుగంట పైకి చదవండి. పెద్ద గ్రంథం అక్కరలేదు. సత్యం శంకరమంచిగారి "అమరావతి కథలు" నూరున్నవి, ఒక్కొక్కటీ చిన్నదే. రాత్రికి ఒకటి చొప్పున మూడు నెలలు దాటి వస్తాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో బుడుగు చాలు. చందమామ ఇప్పుడు అచ్చుకావడం లేదు గాని, పాత సంచికలు ఇంటర్నెట్టులో చాలావరకు దొరుకుతున్నవి. కన్నడం, మరాఠీ, ఒడియా, తమిళం భాషల్లోనూ అది వచ్చేది గనుక, మీ పిల్లవాడికి వచ్చిన లిపిలో అదే కథ ముందు చదివించి, తరువాత తెలుగు సంచిక ముందు పెట్టవచ్చు. కన్నడం చదివే పిల్లలకైతే మరీ సులువు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. తలకట్టు తేడా పట్టుబడితే కొద్ది వారాలలో దారి దొరుకుతుంది. ఇంకొక్క మాట. కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసివేసి, మిగతాది రేపు అనండి. ఎవరయినా ఆ రాత్రి దొంగతనంగా పుస్తకం తెరిచి అక్షరాలు కూడబలుక్కొంటే కోప్పడకండి.

వచ్చే నెలకు మా ప్రశ్న ఇది. మీ ఇంట్లో ఎవరు ఎవరికి చదువుతున్నారు? పుస్తకం పేరు, ఎన్నో పుటలో ఉన్నారు అన్నది చాలు, కార్డు మీద వ్రాసి పంపండి. ఏ లిపిలో వ్రాసినా చదువుతాము, గదలను కథలుగా దిద్దుకొంటాము. ఇల్లు మారేవారూ, బీరువా ఖాళీ చేసేవారూ పాత పుస్తకాలను త్రాసులో వేయకముందు మాకొక ముక్క వ్రాయండి. వాటి పేర్లు ఈ శీర్షికలోనే వేస్తాము. కావలసిన ఇల్లు ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మా తలగడ క్రింద ఏమున్నదని మీరు అడుగుతారు. అడగవలసిందే. మళ్ళీ కొనుక్కొన్న బుడుగు ఉన్నది. మనవడికి చదువుతున్నాము, ఇరవయ్యవ పుటలో ఉన్నాము. నిన్న రాత్రి మాకు నిద్ర ముంచుకొచ్చి మధ్యలో ఆపితే, వాడు పుస్తకం లాక్కొని "ఇది బు, ఇది డు, ఆ తరువాతది ఏమిటి తాతా?" అని అడిగాడు. లేచి మళ్ళీ దీపం వేశాము.