తప్పుల కువి అయినా కువే

ఇటుకల పండక్కి ఊరెళ్ళినప్పుడు మామ్మతో కువిలో మాట్లాడుతున్నా. నిన్న మేం సంతకి రాలేదు అని చెప్పాను. పొయ్యి దగ్గర నుంచి తలెత్తి, "ఎవరు రాలేదు?" అంది. చెప్పాను కదా, మేం. ఆమె పకపకా నవ్వింది. మాట 'మేం' అని మొదలెట్టి క్రియని ఇంకెవరి మీదకో తోసేశానట.

తెలుగులో నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు. ముగ్గురికీ ఒకటే 'రాలేదు'. కువిలో అలా కుదరదు. రాకపోయింది ఎవరో క్రియ చివరే చెప్తుంది. చిన్నప్పటి నుంచి హాస్టల్లో, తర్వాత డిగ్రీలో తెలుగే నలిగిన నోరు కదా, ఒక్క రూపం పట్టుకుని అందరికీ వాడేస్తోంది. పక్కనే ఉన్న చిన్నాన్న "చదువుకుని భాష పాడు చేసుకున్నావురా" అన్నాడు. కాలేజీలో ఒకడు "మీ భాషకి లిపే లేదు, గ్రామర్ ఉంటుందా?" అనేవాడు. ఇద్దరూ వేరు వేరు వైపుల నుంచి వచ్చి నా నోరే మూయించారు. ఈ పోస్టు ఇద్దరికీ జవాబు.

ముందు రెండోవాడికి. గ్రామర్ లేదా? కువిలో ఇచ్చేది నాకో నీకో అయితే క్రియ ఒక రూపం, మూడో మనిషికైతే ఇంకో రూపం. తెలుగులో ఈ ఏర్పాటు లేదు. కొండదొరల కుబి భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో పెద్ద పుస్తకమే వేశారు. లిపి అంటావా, ఇంగ్లీషు రాసేది రోమన్ అక్షరాల్లో, అది ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టిందా?

ఇప్పుడు చిన్నాన్నకి. రెండు భాషల మధ్య బతికే మనిషి నోట్లో వ్యాకరణం కదలడం చెడిపోవడం కాదు బాబాయ్. అమెరికాలో లాస్ ఏంజెల్స్‌లో ఉన్న మెక్సికో కుటుంబాల స్పానిష్ మీద కార్మెన్ సిల్వా-కొర్వలాన్ అనే పరిశోధకురాలు 1994లో పుస్తకం రాసింది. వలస వచ్చిన తరం, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, మూడు తరాల మాట విన్నది. అనుమానం, కోరిక లాంటివి చెప్పడానికి స్పానిష్‌లో ఉండే ప్రత్యేక క్రియారూపాలు తరం తరానికీ తగ్గుతూ వచ్చాయి. 'ఉండు' అనే అర్థానికి వాళ్ళకి రెండు క్రియలున్నాయి, అందులో ఒకటి రెండోదాని చోట్లోకి పాకింది. ఇలాంటి మార్పులు కొన్ని స్పానిష్‌లో ముందే మొదలయ్యాయనీ, ఇంగ్లీషు పక్కన వేగం పెరిగిందనీ ఆమె అంటుంది. పైగా మాట్లాడేవాళ్ళకి బుర్ర తక్కువై కాదు. రెండు భాషలు మోసేవాడు బరువు తగ్గించుకుంటాడు, అంతే.

ఇంకో మాట. కువిలో మగవాళ్ళకి ఒక రూపం, ఆడవాళ్ళకీ పశువులకీ కలిపి ఇంకో రూపం, బహువచనంలో కూడా. (తెలుగువాళ్ళు నవ్వక్కర్లేదు, 'అది వచ్చింది' అంటే ఆవో ఆడమనిషో మీకూ తెలీదు.) మా ఆడపిల్లలు రేపు దీన్ని మార్చేస్తామంటే నేనైతే అడ్డురాను. అన్నిటినీ కాపాడాలన్న మొండితనం నాకు లేదు.

కానీ లాస్ ఏంజెల్స్‌కీ అరకుకీ ఒక తేడా ఉంది. అక్కడి మనవడు స్పానిష్ మర్చిపోయినా ఇరవై దేశాల్లో స్పానిష్ బతికే ఉంటుంది. కువికి ఈ కొండలూ, అటు కోరాపుట్, రాయగడ వైపు కొండలే. ఇంకెక్కడుంది?

గిడుగు రామమూర్తి పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. జనం నోట్లో ఉన్నదే భాష, తప్పు కాదు అని పండితులతో జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆయనే సవర నేర్చుకుని, సవర పిల్లలకి బడి పెట్టి, 1931లో సవర వ్యాకరణం అచ్చు వేయించాడు. మరి ఆ రోజు స్టేజీల మీద సవర మాట ఎంతసేపు వినపడుతుంది?

రాజ్యాంగంలో 350ఎ ఉంది, ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో బడి చదువు మొదలెట్టారు, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా అందులో ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000లో వచ్చిన జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అది ఉద్యోగాల సంగతే అనుకున్నారు చాలామంది. కాదు. ఒకటో క్లాసు పిల్ల "నాకు దాహమేస్తోంది" అని కువిలో అంటే అర్థమయ్యే మనిషి బడిలో ఉంటాడా లేడా అన్నది కూడా దాంతోనే పోయింది.

పండగ రాత్రి అన్న కూతుర్ని మామ్మ కువిలో ఏదో అడిగింది. పిల్ల తెలుగులో జవాబు చెప్పింది, చక్కటి తెలుగు, ఒక్క తప్పు లేదు. నా తప్పుకి పకపకా నవ్విన మామ్మ అప్పుడు నవ్వలేదు. పొయ్యిలోకి ఇంకో కర్ర తోసింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, తెలుగు కలిసినా సరే, క్రియ చివర తప్పినా సరే, ఇంట్లో, సంతలో, ఆటోలో కువిలోనే మాట్లాడండి. పెద్దోళ్ళు నవ్వితే నవ్వనివ్వండి, సరిదిద్దించుకోండి. మా ఊళ్ళో వచ్చే గ్రామసభలో తీర్మానం పెడుతున్నాం: ఒకటి, రెండు తరగతులకి కువి వచ్చిన టీచరే కావాలని. మీ ఊళ్ళోనూ పెట్టండి. తీర్మానం కువిలోనే చదవండి.