ల్యాప్‌టాప్‌లోనే ల్యాబ్ పెట్టుకోండి

'లైనక్స్ బేసిక్స్'... బీటెక్ విద్యార్థుల రెజ్యూమెల్లో స్కిల్స్ కింద తరచూ కనిపించే మాట. ఇంటర్వ్యూలో "ఏ డిస్ట్రో వాడతారు? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్‌ని ఎలా విభజించారు?" అని అడిగితే మాత్రం నీళ్లు నమిలేవాళ్లే ఎక్కువ. ల్యాబ్‌లో నాలుగు కమాండ్లు కొట్టి, రికార్డు రాసేసి, ఎక్స్‌టర్నల్ గట్టెక్కితే మన లైనక్స్ చదువు అయిపోయినట్టే. నేను చెప్పేది ఒక్కటే. ఆ మాట రెజ్యూమెలో రాసేముందు విండోస్ పక్కనే ఉబుంటు వేసుకుని, కనీసం నెల రోజులు రోజువారీ పనులన్నీ అందులోనే చేయండి.

1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్ ఇప్పుడు ఎక్కడ లేదు? 2017 నవంబరు జాబితా నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపలున్నదీ ఆ కెర్నలే. క్లౌడ్, డెవాప్స్, సైబర్ సెక్యూరిటీ... ఏ దారిలో వెళ్లినా ఎదురయ్యేది ఇదే.

"విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది కదా, ఇంత తంటా ఎందుకు?" అంటారు కొందరు. కమాండ్లు నేర్చుకోవడానికి అది చాలు, కాదనను. కానీ అందులో బూట్ లోడర్, పార్టిషన్లు, వైఫై డ్రైవర్లతో మీకు పనే పడదు. పని పడనిది మనం నేర్చుకోం. ఇక 8 జీబీ ర్యామ్‌లో వర్చువల్ మెషీన్ నడిపితే రెండు సిస్టమ్‌లూ దాన్ని పంచుకుని నీరసిస్తాయి. డ్యూయల్ బూట్‌లో ఒకసారికి ఒకటే నడుస్తుంది, ర్యామ్ అంతా దానిదే.

చిన్న ఉదాహరణ చూడండి. ఉబుంటు వాడి విండోస్‌లోకి తిరిగొస్తే కొన్ని ల్యాప్‌టాప్‌లలో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. ఎందుకు? మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది యూటీసీ అనుకుంటుంది లైనక్స్. స్థానిక సమయం అనుకుంటుంది విండోస్. మనకూ యూటీసీకీ తేడా ఐదున్నర గంటలే! ఒక్క కమాండ్‌తో సరిచేయొచ్చు. కానీ ఆ కారణం వెతికి పట్టుకున్నవాళ్లు రేపు సర్వర్ లాగ్‌లో టైమ్ తేడా వస్తే కంగారుపడరు.

అసలు భయం వేరే ఉంది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి కొన్న ల్యాప్‌టాప్... ఏమైనా అయితే? న్యాయమైన భయమే. అందుకే తొందరపడొద్దు. ముందు ఫైళ్లన్నీ బయట డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసుకుని, ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి 50 జీబీ దాకా ఖాళీ చేయండి. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్‌తో ఉబుంటు ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, జాగ్రత్త. దాని నుంచే బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. అన్నీ బాగుంటేనే ముందుకెళ్లండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ పక్కన పెట్టే ఆప్షన్‌నే ఎంచుకోవాలి. 'ఎరేజ్ డిస్క్' నొక్కారో, విండోస్‌తోపాటు ఫైళ్లూ పోతాయి.

ఇంకో మాట. రేపు ఆన్‌లైన్ టెస్ట్ పెట్టుకుని ఈ రాత్రి ఈ పని చేయొద్దు. సెలవుల్లో మొదలుపెట్టండి. కెమెరాతో నిఘా పెట్టే పరీక్షల సాఫ్ట్‌వేర్ కొన్ని విండోస్‌లోనే పనిచేస్తాయి. విండోస్‌ని తీసేయకుండా పక్కన ఉంచమంటున్నది అందుకే.

నెల రోజుల్లో ఏదో ఒకటి మొరాయిస్తుంది. ప్రింటర్ కనపడదు, బ్లూటూత్ కలవదు, అప్‌డేట్ మధ్యలో ఆగుతుంది. ప్రతిసారీ ఏం జరిగింది, ఏ లాగ్ చూశారు, ఎలా సరిచేశారు అన్నది ఒక ఫైల్‌లో తేదీతో రాసుకోండి. ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు చాలామంది దగ్గర ఉంటాయి. "మీ సిస్టమ్‌లో వచ్చిన ఒక సమస్య చెప్పండి, ఎలా పరిష్కరించారు?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఆ ఫైల్ ఉంటుంది. అప్పుడు రెజ్యూమెలో 'బేసిక్స్' అన్న మాట ధైర్యంగా కొట్టేయొచ్చు.