ఇరవై లక్షల తలుపు ఎవరికి తెరుచుకుంటోంది?

ప్రతి సంవత్సరం జూలై 11న తెలంగాణ ప్రభుత్వం ఇంజనీర్ల దినోత్సవం జరుపుతుంది. అది నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినం. మంజీర మీద నిజాంసాగర్‌కు రూపమిచ్చిన ఆ మహనీయుని చిత్రపటానికి పూలమాలలు వేస్తారు, ఉపన్యాసాలిస్తారు. ఆయన ఇంజనీరు ఎలా అయ్యారన్న సంగతి మాత్రం ఆ వేదికల మీద వినిపించదు. 1877లో పుట్టిన ఆ యువకుణ్ణి 1896లో నిజాం ప్రభుత్వం ఉపకార వేతనమిచ్చి ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలకు పంపింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. "ముందు ఇక్కడ ఇంజనీరు పట్టా తెచ్చుకో, తర్వాత చూద్దాం" అని ఆనాటి ఖజానా అనలేదు.

ఈనాటి ఖజానా సరిగ్గా ఆ మాటే అంటోంది.

మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా ఉపకార వేతన పథకం ఉంది. మొత్తం 20 లక్షల రూపాయలు. అది మంచి పథకం కాదని మేము అనము. దాని సాయంతో ఎం.ఎస్. పూర్తిచేసిన పిల్లలు మా పేటలోనే ఉన్నారు. కానీ ఆ తలుపు పి.జి., పిహెచ్.డి. చదువులకే తెరుచుకుంటుంది. ఇంటర్ ముగించి, విదేశీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు మాధ్యమంలో ఇంజనీరింగ్ డిగ్రీకి సీటు సంపాదించుకున్న బిడ్డ దరఖాస్తు చేసుకోవడానికే అర్హురాలు కాదు. విద్యా రుణం మీద వడ్డీ భారం మోసిన కేంద్ర పథకం "పఢో పర్‌దేశ్" కూడా పి.జి. ఆపై చదువులకే వర్తించేది. దాన్నీ 2022-23 నుంచి ఎత్తివేశారు.

సచార్ కమిటీ 2006లో ఏమి చెప్పిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు ముస్లిం. పి.జి.లో 50 మందిలో ఒక్కరు. అంటే డిగ్రీ నుంచి పి.జి. మెట్టు ఎక్కేసరికి మన వాటా సగానికి పడిపోతోంది. ఎక్కువమంది రాలిపోయిన చోట, ఆ మిగిలిన కొద్దిమంది కోసం సాయం పెట్టి, రాలిపోయే చోట చేయి అందించకపోవడం ఏ న్యాయం?

"ఇక్కడ బి.టెక్.కు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, నాలుగేళ్ళు ఆగలేరా?" అని అధికారులే కాదు, మన పెద్దలూ అడుగుతారు. జవాబు చెబుతాము. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ళ తరబడి పేరుకుపోతున్నాయి. బకాయి వచ్చేదాకా సర్టిఫికెట్లు ఇవ్వబోమని కళాశాలలు పట్టుబడుతున్నాయి. సర్టిఫికెట్ చేతికి రాని పిల్లవాడు విదేశీ పి.జి.కి దేనితో దరఖాస్తు చేయాలి? పై మెట్టు మీద 20 లక్షలు పెట్టి, కింది మెట్టు విరగ్గొట్టినట్టయింది.

విదేశాల్లో డిగ్రీ అంటే కోట్ల వ్యవహారమన్న భయమూ సగమే నిజం. జర్మనీనే తీసుకుందాం. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా రాష్ట్రాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం యూరోపేతర విద్యార్థుల నుంచి సెమిస్టరుకు 1500 యూరోలు వసూలు చేస్తుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. అసలు గోడ వీసా దగ్గర ఉంది. మొదటి ఏడాది జీవనానికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో ముందే చూపాలి. యూరో నూరు రూపాయల చొప్పున లెక్కవేసినా దాదాపు 12 లక్షలు. వడ్డీ తీసుకోకూడదనుకునే కుటుంబానికి బ్యాంకు దారి కూడా మూసుకుపోయినట్టే. మన పథకం మొదటి విడత సొమ్ము ఇచ్చేది విద్యార్థి అక్కడ దిగిన కాగితం చూపిన తర్వాత! గోడ ఇవతల ఉంటే నిచ్చెన అవతల వేస్తున్నారు.

ప్రభుత్వం వదిలేసిన ఈ ఖాళీలోకే ఏజెంట్లు వచ్చారు. మా పేటలో ఒక మెకానిక్ కుమారుణ్ణి ఒక కన్సల్టెన్సీ "అంతా ఇంగ్లీషులోనే, జర్మన్ అక్షరం అక్కర్లేదు" అని చెప్పి ఒక ప్రైవేటు కళాశాలలో చేర్పించింది. ఇంటి కాగితాలు కుదువపడ్డాయి. పాఠం ఇంగ్లీషులోనే. కానీ అద్దె ఒప్పందం జర్మన్‌లో, ఆసుపత్రి జర్మన్‌లో, ఇంటర్న్‌షిప్ అడిగిన ప్రతి కార్ఖానాలో మొదటి ప్రశ్న జర్మన్ గురించే. ఇంగ్లీషులో చెప్పే ప్రభుత్వ విద్యాలయం, ఉదాహరణకు రైన్-వాల్, ఒకటి ఉందని ఆ తండ్రికి చెప్పిన వారు లేరు. ఇంటర్ మార్కులు మాత్రమే చాలవని, జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ఉత్తీర్ణత గానీ, మన దేశంలో ఒక ఏడాది డిగ్రీ చదువు గానీ, అక్కడి సన్నాహక సంవత్సరం గానీ కావాలని, పత్రాల పరిశీలనకు ఎ.పి.ఎస్. ధ్రువపత్రం తప్పనిసరని కూడా చెప్పలేదు. ఇవి తెలిసిన తండ్రి ఇల్లు కుదువపెట్టి ఉండేవాడు కాదు.

కాబట్టి మేము అడిగేది మూడే. విదేశీ విద్యా పథకాన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోని ఇంజనీరింగ్ డిగ్రీకి కూడా వర్తింపజేయాలి. మొదటి విడతను వీసాకు ముందే, విద్యార్థి పేరిట బ్లాక్డ్ అకౌంటులోనే జమచేయాలి. ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో విశ్వసనీయ విద్యాలయాల జాబితా, సలహా చెప్పే మనిషి ఉండాలి. మేము ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఫైళ్ళు చూసినవాళ్ళము. ఈ మార్పులకు కొత్త శాఖ అక్కర్లేదు, ఒక జీవో చాలు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం అడుక్కోవలసినదీ ఒకటుంది. ఒక్క రాత్రి వలీమాకు ఫంక్షన్ హాలులో పోసే డబ్బుతో ఒక బిడ్డ ఏడాది బతుకు గడుస్తుంది. ప్రతి పట్టణంలో బైతుల్ మాల్ నుంచి ఏటా ఒక్క విద్యార్థికి ఖర్జె హసనా ఇవ్వలేమా? ఇంటర్ మొదటి సంవత్సరం నుంచే పిల్లలకు జర్మన్ భాష నేర్పే ఏర్పాటు మసీదు పక్క గదిలో చేయలేమా?

వచ్చే జూలై 11న అలీ నవాజ్ జంగ్ చిత్రపటం ముందు నిలబడే పెద్దలు పూలమాలతో పాటు ఆ జీవోనూ తీసుకురావాలి. ఆ రోజు మేమూ వెళ్తాము, చేతిలో వినతిపత్రంతో.