మనవాడి తొలి నిర్ణయాలు, మన పొరుగూరి కార్మికులు

2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారని తెలియగానే తెలుగువాళ్లు పండగ చేసుకున్నారు. హైదరాబాదులోనే కాదు, చెన్నై, బెంగళూరుల్లో తరాల కిందట స్థిరపడిన మన ఇళ్లలోనూ "మనవాడే" అన్న మాట వినిపించింది. అందులో తప్పు లేదు. అయితే అదే ఏడాది నవంబర్ 1న, చెన్నైకి దగ్గర్లోని శ్రీపెరుంబుదూరులో నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఈ రెండు వార్తలనూ కలిపి చదివినవాళ్లు మనలో ఎంతమంది?

కొత్త సీఈఓ తొలి నిర్ణయాలను బేరీజు వేసేటప్పుడు షేరు ధర ఒక్కటే చూడడం మనకు అలవాటైంది. ఆ లెక్కన నాదెళ్లకు నూటికి నూరు మార్కులు. ఆయన వచ్చేనాటికి కంపెనీ విలువ దాదాపు 30 వేల కోట్ల డాలర్లు. 2024 జనవరిలో అది 3 లక్షల కోట్ల డాలర్లు దాటింది. వచ్చిన రెండు నెలల్లోపే ప్రత్యర్థి ఆపిల్ ఐప్యాడ్‌లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. కంపెనీని క్లౌడ్ వైపు నడిపించారు. ఇవి తెలివైన నిర్ణయాలే, కాదనలేం.

కానీ 2014 జులై 17 నాటి నిర్ణయం కూడా ఆయనదే. 18,000 ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించారు. అందులో 12,500 దాకా నోకియా నుంచి అప్పుడే వచ్చి చేరినవాళ్లవి. ఆ కొనుగోలు పూర్తయింది ఏప్రిల్ 25న. అంటే కొత్త యజమాని దగ్గర వాళ్లకు మూడు నెలలు కూడా నిండలేదు.

న్యాయంగా చెప్పాలంటే నోకియాను కొనాలన్నది ఆయన ఆలోచన కాదు. అది ఆయనకు ముందున్న స్టీవ్ బామర్ నిర్ణయం. అప్పట్లో తాను వద్దన్నానని నాదెళ్ల తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. 2015లో ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసి, మరో 7,800 ఉద్యోగాలు తీసేశారు. పై అంతస్తులో జరిగిన పొరపాటుకు కింది అంతస్తువాళ్లు జీతాలు వదులుకున్నారు. నష్టపోయే వ్యాపారాన్ని మూసెయ్యడం తప్పు కాకపోవచ్చు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

శ్రీపెరుంబుదూరు కథ ఇంకా చిక్కు. పన్ను వివాదంలో ఆదాయపన్ను శాఖ ఆస్తులను స్తంభింపజేయడంతో ఆ ఫ్యాక్టరీ మైక్రోసాఫ్ట్ చేతికి రాలేదు. నోకియా దగ్గరే ఉండి, మైక్రోసాఫ్ట్‌కు ఒప్పందం మీద ఫోన్లు చేసి ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ ఒప్పందం రద్దు చేసుకోవడంతో పని ఆగింది. అప్పటికే వేలమంది స్వచ్ఛంద విరమణ పేరుతో బయటికి వచ్చేశారు. వాళ్లలో చాలామంది పల్లెల నుంచి వచ్చిన యువతులు. ఇంటికి మొదటి నెలజీతం తెచ్చిన ఆడపిల్లలు. పాతికేళ్ల వయసులో తీసుకునే విరమణలో స్వచ్ఛందం ఎంత?

మైక్రోసాఫ్ట్ ఒప్పందాన్ని చూపించింది. నోకియా పన్ను శాఖను చూపించింది. ప్రభుత్వం చట్టాన్ని చూపించింది. కార్మికులకు మాత్రం వేలెత్తి చూపడానికి ఎవరూ మిగల్లేదు.

అదే అక్టోబర్‌లో ఒక సభలో నాదెళ్ల, జీతం పెంచమని మహిళలు అడగనక్కర్లేదు, వ్యవస్థను నమ్మితే చాలన్నట్టు మాట్లాడారు. విమర్శలు రాగానే ఆ రోజే తన జవాబు పూర్తిగా తప్పని సిబ్బందికి రాశారు. తప్పు ఒప్పుకునే గుణం చిన్నది కాదు. కానీ ఆ నెలలోనే శ్రీపెరుంబుదూరు యువతులకు, వాళ్లు నమ్మిన వ్యవస్థ ఏమిచ్చిందో గుర్తుపెట్టుకోవాలి.

అందుకే ఏ కొత్త సీఈఓనైనా మూడు ప్రశ్నలతో తూచాలంటాను. పాత తప్పుల బరువును ఎవరి మీదికి నెట్టారు? ఆ సంగతిని బాధితులకు ముఖాముఖి చెప్పారా? కంపెనీ మళ్లీ లాభాల్లోకి వచ్చాక వాళ్లను తలుచుకున్నారా? 2024 ఆర్థిక సంవత్సరంలో నాదెళ్ల పారితోషికం 7.9 కోట్ల డాలర్లు. 2025 జులైలో కంపెనీ మళ్లీ దాదాపు 9,000 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు చెప్పింది. కష్టకాలంలో మొదలైన అలవాటు లాభాల కాలంలోనూ పోలేదు.

మన ప్రభుత్వాలకూ ఒక మాట. నోకియాకు తమిళనాడు భూమి ఇచ్చింది, పన్ను రాయితీలు ఇచ్చింది. నేడు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక కూడా అదే పోటీలో ఉన్నాయి. కంపెనీ చేతులు మారినా, మూతపడినా కార్మికుల బకాయిలే ముందు తీర్చాలని, కొత్త పని దొరికేదాకా కొంతకాలం ఆసరా ఇవ్వాలని రాయితీ ఒప్పందంలోనే రాయించాలి. ప్రజల సొమ్ముతో రాయితీ ఇస్తున్నప్పుడు ఆ షరతు పెట్టే హక్కు ప్రజలకుంది.

మనవాడు గొప్పవాడైతే సంతోషిద్దాం. అయితే శ్రీపెరుంబుదూరు పిల్లలు కూడా మనవాళ్లేనన్న సంగతి మరిచిపోవద్దు.