నిలకడ లేనిది ఎవరికి?

“మన పిల్లలకు నిలకడ లేదు, మూడు నెలలకో ఉద్యోగం మారుస్తారు.” మసీదు కమిటీలలోను, పెళ్లి సంబంధాల మాటలలోను ఈ తీర్పు తరచు వినబడుతుంది. మారుతున్నది పిల్లవాడా, వాడిపై ఉన్న ఏజెన్సీయా అని పెద్దలు ఒక్కసారైనా విచారించారా?

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. మామిడిపల్లి, పహాడీ షరీఫ్ ప్రాంతాల యువకులు ఆ చుట్టుపక్కల లోడింగు, హౌస్‌కీపింగు, గోదాము పనులకు పోతున్నారు. ఇటువంటి పనులలో చాలావరకు కాంట్రాక్టు ఏజెన్సీల చేతిలోనే ఉంటాయి. టెండరు ముగిసి ఏజెన్సీ మారితే మనిషి అతడే, షిఫ్టు అదే. సర్వీసు మాత్రం మళ్లీ సున్నా నుండి మొదలు. ఐదేళ్ల సేవకు రావలసిన గ్రాట్యుటీ ఆ విధంగా చేజారిపోతుంది. జీతం ఆలస్యమైతే సూపర్‌వైజరు ఏజెన్సీని చూపుతాడు. ఏజెన్సీ “బిల్లు పాస్ కాలేదు” అంటుంది.

నేను గుమాస్తాగా పనిచేసిన కార్యాలయంలో ఎందరో అధికారులు బదిలీపై వచ్చారు, పోయారు. నా సర్వీసు రిజిస్టరు ఒక్కటే కొనసాగింది. నన్ను నిలకడ గలవాడని మెచ్చుకున్నవారు ఆ రిజిస్టరును మరచిపోయారు.

కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడు 43వ సెక్షను సైతం ఆ బాధ్యతను సంస్థ యజమానిపై ఉంచింది. అయితే 2020 నాటి వృత్తి భద్రత కోడు కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్యను 20 నుండి 50కి పెంచి, చిన్న ఏజెన్సీల కార్మికులను వాటి వెలుపల నిలబెట్టింది. నియామక పత్రం ఇవ్వాలన్నది కూడా ఆ కోడే. ఆ పత్రం చేతికి రానివాడు తన హక్కును దేనితో నిరూపించుకోవాలి?

రాతపూర్వక ఒప్పందం, సామాజిక భద్రత ముస్లిం కార్మికులకు ఇతరులకంటె తక్కువగా ఉన్నాయని 2006లోనే సచార్ కమిటీ తెలిపింది. దీనికి మన పిల్లల స్వభావాన్ని నిందించి ప్రయోజనమేమి?

కనుక ప్రతి బస్తీ కమిటీ ఒక రిజిస్టరు తెరవాలి. ఎవరు ఏ గేటులో, ఏ ఏజెన్సీ కింద, ఏ తేదీ నుండి పనిచేస్తున్నారో రాయాలి. నియామక పత్రం, పే స్లిప్పు, పీఎఫ్ ఖాతా సంఖ్య, గేటు పాసుల నకళ్లు భద్రపరచాలి. అదే షిఫ్టులో పనిచేసే హిందూ, దళిత సోదరులను కలుపుకొని కార్మిక శాఖకు ఉమ్మడి ఫిర్యాదు ఇవ్వాలి. ప్రధాన యజమానిని కూడా అందులో ప్రతివాదిగా చేర్చాలి. నిలకడను గురించి ఉపన్యసించే పెద్దలు ఆ ఫిర్యాదుపై మొదటి సంతకం చేయాలి.